పాత కంప్యూటర్‌లో యోనా పాట

గోదావరిఖనిలో పాత కంప్యూటర్ మొరాయిస్తే షాపుల్లో వినిపించే మాట ఒక్కటే: “దీని పనైపోయిందన్నా, కొత్తది తీస్కో.” ఆ మాట అనని మనిషి కుతుబుద్దీన్. లక్ష్మీనగర్‌లో బట్టల దుకాణాల వెనక సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే గదికీ జిరాక్సు సెంటర్‌కీ నడుమ అతని షాపు. బోర్డు మీది అక్షరాలు బొగ్గుదుమ్ము పట్టి ఎప్పుడో కనబడకుండా పోయాయి. కొత్తది రాయించమని భార్య నుస్రత్ బేగం పదేళ్లుగా పోరుతోంది. బోర్డు చదివి వచ్చేవాళ్లు తన గిరాకీలు కారని అతని ధీమా. అది నిజమే. మందమర్రి నుంచీ మంచిర్యాల నుంచీ కంప్యూటర్లను చద్దర్లలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాళ్లు దారి అడక్కుండా అతని బల్ల దగ్గరికే వచ్చి దింపుతారు.

వచ్చేవాటికి దాదాపు అన్నింటికీ ఒకటే జబ్బు. పాత సాఫ్ట్‌వేర్ పోదు, కొత్తది ఎక్కదు. తీసెయ్యమంటే ‘తీయడానికి కావలసిన ఫైలు లేదు’ అంటుంది. సరే, మళ్లీ వేద్దామంటే ‘ఇప్పటికే ఉంది కదా’ అంటుంది. మెట్టినింట్లో ఇమడక, పుట్టింటికి పోనని భీష్మించుకున్న కోడలి పంచాయితీ అది. పైగా కొత్త విండోస్ కావాలంటారు. పదిహేనేళ్ల నాటి మిషన్, అందులో మెమరీ గుప్పెడు. తా దూర సందు లేదు, మెడకో డోలు. ఇలాంటి పంచాయితీలను కుతుబుద్దీన్ విసుక్కోకుండా తీర్చేవాడు. ఏది ఎప్పుడు ఎక్కించారో కనుక్కుని, చివర ఎక్కినదాన్ని ముందు దించుతూ, ఒక్కో ముడీ విప్పేవాడు.

ఈ ఓపిక అతనికి నాన్న హసన్ ఇచ్చిన ఆస్తి. హసన్ బొగ్గుబాయిలో పైకప్పుకు కట్టెలు ఆనించే పనిచేసేవాడు. బొగ్గంతా తీసేశాక ఆ కట్టెల్ని వెనక్కి తీసుకునేదీ వాళ్లే. “పెట్టెటప్పుడు కాదు బేటా, తీసెటప్పుడే పానం పోతది” అనేవాడు. మొదటి కట్టె మీద చెయ్యి వేసే ముందు అందరూ కదలకుండా కూర్చోవాలి. దగ్గు వచ్చినా ఆపుకోవాలి. పైకప్పు ఏం చప్పుడు చేస్తోందో వినాలి. “కప్పు ముందుగాల చెప్తది. మనిషే ఇనడు.” అలా విని విని హసన్ ముప్ఫై ఒక్క ఏళ్లు బాయిలో దిగి, కాళ్ల మీద నడిచి బయటికి వచ్చాడు.

ఇక బాయి పనికి పనికిరాడని డాక్టర్లు ఆయన్ను అన్‌ఫిట్ చేశాక కొలువు పెద్దకొడుక్కి పోయింది. చిన్నవాడైన కుతుబుద్దీన్ టైపు నేర్చుకున్నాడు. అదీ తెలుగు టైపు. ఇంట్లో నోటికి దక్కనీ ఉర్దూ, బజార్లో వేళ్లకు తెలుగు. పెళ్లి కార్డులు, యూనియన్ కరపత్రాలు, రంజాన్ వేళల పట్టికలు, క్రిస్మస్ పాటల పుస్తకాలు, అన్నీ ఆ వేళ్లమీదుగానే పోయాయి. ప్రెస్సులు మూతపడుతున్న రోజుల్లో ఈ రిపేరు షాపు పెట్టాడు. నాన్న చెప్పిన మాటను బాయిలోంచి తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. ఏ మిషన్ వచ్చినా ముందు బ్లోయర్‌తో బొగ్గుదుమ్ము ఊదెయ్యడం, తర్వాత స్విచ్చి వేసి, నెట్టు వైరు తగిలించి, గంటసేపు దాని మీద చెయ్యి వేయకుండా కూర్చోవడం. ఫ్యాను ఎలా తిరుగుతోంది, డిస్కు ఎలా అరుస్తోంది, తెర మీద ఏ ఫిర్యాదు ముందు వస్తోంది, అంతా వినేవాడు, చూసేవాడు. “కుతుబన్న మిషన్‌తోని ముచ్చట పెడ్తుండు, జర ఆగుండ్రి” అని పక్క షాపుల వాళ్లు పరిహాసమాడేవాళ్లు. ఆ గంటలో మిషన్ తన రోగం తానే చెప్పుకునేది. ఇరవై రెండేళ్లలో ఆ పద్ధతి అతన్ని ఒక్కసారి కూడా మోసం చేయలేదు.

ఇక యోనా సంగతి చెప్పాలి. యోనా బాయి మీద ల్యాంపు రూములో పనిచేసి రిటైరైన మనిషి. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం, అదే పని. మనిషికో నంబరు. వెయ్యి మంది నంబర్లు ఆయన నాలుక మీద ఉండేవి. దీపం తిరిగి రాకపోతే మనిషి తిరిగి రానట్టు. ఆ లెక్క చూసీ చూసీ కాబోలు, ఆయనకు చనిపోయినవాళ్ల మీద ఓ శ్రద్ధ ఏర్పడింది. తమ చర్చి సంఘంలో ఎవరు పోయినా, సమాధుల తోటకు తీసుకెళ్లేలోగా వాళ్ల కోసం ఒక పాట రాసేవాడు. ఒక మనిషికి ఒక పాట. మరొకరికి పనికిరాని పాట. బాయిలో బొగ్గు టబ్బులు నెట్టే ట్రామర్ పనిచేసిన బిక్షం పోయినప్పుడు, పాటలో అతని భక్తి కంటే ముందు, గడప దగ్గర ఒంటికాలి మీద నిలబడి చెప్పు దులుపుకునే అలవాటు వచ్చింది. ఏడుస్తున్న భార్య ఆ చరణం దగ్గర నవ్వింది. నవ్వి, మళ్లీ ఏడ్చింది. ఆ పాట కాగితాన్ని ఇప్పటికీ బైబిల్లో దాచుకుంది.

మొదటి రెండు మూడు పాటలు కుతుబుద్దీనే టైపు చేసి ఇచ్చాడు. మసీదుకు పోయే చేతులు సంఘం పాటలు కొట్టడమేమిటని ఎవరూ అనలేదు, అన్నా ఇద్దరూ వినే రకం కాదు. తర్వాత, “మాటిమాటికి నీ పని చెడగొట్టుడెందుకు కుతుబూ, నాకే నేర్పు” అన్నాడు యోనా. కుతుబుద్దీన్ ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కుదిర్చి, అందులో తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ వేసి, ఎయిటింక్లైన్ కాలనీలో యోనా ఇంట్లో పెట్టి, రెండు నెలలు పోయి నేర్పించాడు. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక తాళం ఉండేది. తాళమంటే బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క, కంప్యూటర్ వెనక ప్రింటరు వైరు పెట్టేచోట గుచ్చాలి. అది ఉంటేనే అక్షరాలు తెరుచుకుంటాయి, లేకపోతే తెర నిండా పిచ్చిగీతలు. కొత్త కంప్యూటర్లకు ఆ తాళం పట్టే రంధ్రమే ఉండదు. అందుకే యోనా ఆ పాత మిషన్‌నే పట్టుకుని వేళ్లాడాడు. పాట రాయడం, ఒక్క కాగితం తీయడం, చనిపోయినవాళ్ల ఇంట్లో ఇవ్వడం. వేరే నకలు ఎక్కడా లేదు.

ఒక్క పాటకు మాత్రం కాగితం కూడా లేదు. ఆయన భార్య సుగుణమణి టీచరుగా చేసి రిటైరైన మనిషి, మాటలో చురుకు. “అందరికి రాస్తున్నవు, మరి నీకెవరు రాస్తరు?” అని ఒకసారి ఎకసెక్కం చేసింది. “నాది నేనే రాసిపెట్టుకున్న. వేరేటోళ్లు రాస్తే గొప్పలు రాస్తరు, నాకు సిగ్గు. దాంట్ల నిజాలే ఉన్నయ్. నన్ను పెట్టెల పెట్టిన్నాడు తీసి పాడుండ్రి. అప్పటిదాంక నువ్వు గుడ సూడొద్దు” అన్నాడు. నలభై నాలుగేళ్లు కాపురం చేసిన మనిషి తన గురించి తాను ఏ నిజాలు రాసుకున్నాడో అని ఆమెకు ఎంత ఉబలాటంగా ఉన్నా, మాట మీద నిలబడి చూడలేదు.

ఈ ఏడు వానలు మొదలవుతుండగా యోనాకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది, నంబర్లు మిగిలాయి. ఆకలైతే ఒక నంబరు, నొప్పి పుడితే మరో నంబరు. అర్థం ఉండి అంటున్నాడా లేదా ఎవరికీ తెలియదు. అడిగినదానికి ఔనంటే ఎడమచేత్తో చెయ్యి నొక్కుతాడు, కాదంటే వదిలేస్తాడు. ఇంకోసారి వస్తే ఆగదని దవాఖానలో చెప్పేశారు. ఇంటికి తెచ్చాక సుగుణమణి ఆయన చెవి దగ్గర కూర్చుని, “నీ పాట తీసి పెట్టాల్నా?” అని అడిగింది. యోనా చెయ్యి నొక్కాడు, నొక్కి చాలాసేపు వదల్లేదు.

కంప్యూటర్ తెరిస్తే సాఫ్ట్‌వేర్ లేవలేదు. యోనా తమ్ముడి కొడుకు యేసుబాబు బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో ఆఫీసు పని చేస్తాడు. మంచివాడు, తొందరెక్కువ. పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ వేద్దామని చూశాడు, అది పోలేదు. మొత్తం విండోసే కొత్తది వేస్తే సరిపోతుందని పెన్‌డ్రైవ్ తెచ్చి వేశాడు. కొత్తది ఎక్కింది. పాటలు మాత్రం ఎక్కడా కనబడలేదు. భయపడి మిషన్ ఆపేసి, పెద్దమ్మకు ఏం చెప్పాలో తెలియక నాలుగు రోజులు, సెలవు దొరక్క వారం రోజులు గడిపి, చివరికి ఆమెను వెంటబెట్టుకుని ఆటోలో కుతుబుద్దీన్ షాపుకు తెచ్చాడు.

“కుతుబూ, నీ చేతులు పెట్టిన మిషనే బిడ్డా. ఆయన పాట ఒక్కటి తీసియ్యి, మిగతాయి ఎప్పుడన్న ఇయ్యి” అంది సుగుణమణి.

“ఫికర్ చెయ్యకు చిన్నమ్మా. ఫార్మాట్ కొట్టలేదు గదా యేసుబాబూ?”

“లేదన్నా, దేవుని తోడు. ఉన్నదాని మీదనే ఎక్కించిన.”

“అయితే ఏడికి పోవు. అన్ని లోపల్నే ఉంటయ్.”

నిజమే, అవన్నీ లోపలే ఉన్నాయి. కొత్త విండోస్ ఎక్కేటప్పుడు పాతదాన్నంతా మూటకట్టి ఓ పక్కన పెడుతుంది. అందులో చెయ్యి పెట్టి తీసుకోవడం కుతుబుద్దీన్‌కు పిల్లలాట. అయితే ఆ మూటకు గడువు పది రోజులు. గడువు దాటితే, మిషన్ ఖాళీగా ఉన్న సమయం చూసి, ఎవరినీ అడక్కుండా తానే దాన్ని పారేస్తుంది. ఈ సంగతి కుతుబుద్దీన్‌కు తెలియనిది కాదు. పక్క షాపు పిల్లలకు అతనే ఎన్నోసార్లు చెప్పాడు. అడగాల్సింది ఒక్క మాట: ఎన్ని రోజులైంది? అది అడిగి, డిస్కు ఊడదీసి, తాళం పట్టే వేరే పాత మిషన్‌కు తగిలించి ఉంటే, టీ చల్లారేలోపు యోనా పాట కాగితం మీద ఉండేది.

కానీ అతనికి తన పద్ధతి ఉంది కదా. ప్రశ్నలు తర్వాత, ముందు మిషన్ మాట వినాలి. వాళ్లిద్దరినీ పంపించేసి బ్లోయర్ పెట్టాడు. ఇరవై ఏళ్ల దుమ్ము సందులోకి నల్లగా లేచింది. స్విచ్చి వేశాడు, నెట్టు వైరు తగిలించాడు, చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. మొదట ఫ్యాను గురగుర. కాసేపటికి డిస్కు చప్పుడు మొదలైంది. ఆగకుండా, ఒక్క తీరుగా, చురుగ్గా. ఇన్నేళ్ల డిస్కు ఇంకా ఇంత ఆరోగ్యంగా తిరుగుతోందా అని సంతోషపడ్డాడు పిచ్చి మనిషి. పక్క షాపతను తొంగిచూస్తే, “ఇనురా, పాత సామాన్ల తాకత్ ఇన్రా” అన్నాడు కూడా. ఆ చప్పుడు యోనా పాటలను మిషన్ చెరిపేస్తున్న చప్పుడు.

గంట పూర్తయ్యాక యేసుబాబుకు ఫోన్ చేశాడు. కొత్తది ఎప్పుడు వేశావని అడిగాడు.

“ఇయ్యాల్టికి పదకొండు రోజులన్నా. ఏం, ఏమైంది?”

కుతుబుద్దీన్ ఫోన్ పెట్టేశాడు. మూట ఉండాల్సిన చోట చూశాడు, లేదు. చెత్తబుట్టలో చూశాడు. నెట్టు వైరు పీకేశాడు, కరెంటు తీసేశాడు, డిస్కు ఊడదీశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. చెరిపేసినవాటిని కూడా వెనక్కి లాగే ఉపాయాలు ఉన్నాయి, అవన్నీ అతనికి తెలుసు. కానీ ఖాళీ అయిన చోట అప్పటికే నెట్టులోంచి కొత్త అప్‌డేట్లు దిగి కూర్చున్నాయి. రెండు రోజులు షాపుకు వేరే గిరాకీ రానివ్వకుండా లాగాడు. నూట నలభై చిల్లర పాటల్లో అరవై దాకా మొత్తంగా వచ్చాయి. కొన్ని సగం, కొన్ని పావు. యోనా పేరుతో ఉన్న ఫైలు దొరికింది. తెరిచాడు. రెండు పేజీల పొడవునా ఒక్క అక్షరం లేదు. పైనా కిందా జరిపి చూశాడు, మూసి తెరిచి చూశాడు. పాట ఎంత పొడవుందో తెలిసింది, అంతే.

మూడో రోజు సుగుణమణి ఫోన్ చేసింది. “వచ్చిందా బిడ్డా?”

ఆ క్షణంలో ‘పోయింది చిన్నమ్మా, నా చేతులతోనే పోయింది’ అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. “వస్తది చిన్నమ్మా. జర టైం పడ్తది” అన్నాడు.

ఒకసారి అన్నాక రెండోసారి అనడం తేలిక. మూడోసారికి అదే నిజమనిపిస్తుంది. ‘డిస్కు పాతది, నిమ్మళంగ తియ్యాలె.’ ‘సామాను హైదరాబాద్ నుంచి రావాలె.’ రోజుకో మాట. అతని బుద్ధిలో వంకర లేదు, ఉన్నదంతా భయమే. గుట్టలు గుట్టలుగా వచ్చిన మిషన్లను బతికించిన పేరు ఒకవైపు, తన నాన్నకు ఇరవై ఏళ్లు దీపం అందించిన మనిషి మరోవైపు. ఇంట్లో అన్నం సరిగా తినడం లేదని నుస్రత్ బేగం నిలదీస్తే మొత్తం చెప్పేశాడు. ఆమె విని, చేతిలోని గిన్నె కింద పెట్టి, “జాకే సచ్ బోల్దేవ్, ఆజ్‌చ్ బోల్దేవ్” అంది. వెళ్లి నిజం చెప్పెయ్, ఈరోజే చెప్పెయ్ అని. రేపు చెప్తానన్నాడు.

ఆ రేపు వెళ్లాడు కూడా. యోనా కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. కుతుబుద్దీన్‌ను చూడగానే కళ్లు వెలిగాయి. “నాలుగు వందల పన్నెండు” అన్నాడు. గొంతు అస్పష్టంగా ఉన్నా నంబరు స్పష్టంగా పలికింది. అది హసన్ దీపం నంబరు. హసన్ కొడుకు వచ్చాడని గుర్తుపట్టాడు.

“సూడు, కుతుబు వచ్చిండు. నీ పాట తెస్తుండట” అంది సుగుణమణి. యోనా ఎడమచెయ్యి చాచాడు. కుతుబుద్దీన్ తన చెయ్యి అందించాడు. ముసలాయన నొక్కాడు, అంత బలం ఎక్కడిదో.

“ఎప్పుడైతది బిడ్డా? పొద్దుగాల మబ్బుల నుంచి నీ కోసమే సూస్తడు. ఇంకేం అడుగుతలేడు, తింట లేడు” అంది ఆమె.

“ఈ వారంల అయితది చిన్నమ్మా.”

బయటికి వచ్చి స్కూటర్ దగ్గర ఆగాడు. రోడ్డు మీద బొగ్గు లారీలు పోతుంటే అలాగే నిలబడిపోయాడు. మళ్లీ లోపలికి వెళ్లి చెప్పెయ్యాలనుకున్నాడు, వెళ్లలేదు.

దానికి బదులు ఇంకో పని పెట్టుకున్నాడు. తప్పు చేసినవాడికి పని దొరికితే కొండంత అండ. వెనక్కి రాని పాటల కాగితాలు చనిపోయినవాళ్ల ఇళ్లలో ఉంటాయి కదా, అవి తెచ్చి మళ్లీ టైపు చేస్తే అన్ని పాటలతో ఒక పుస్తకం నిండుతుంది, నిండిన పుస్తకం ముందు పెట్టి ఒక్కటి పోయిందంటే తప్పు చిన్నదిగా కనబడుతుంది. ఇలా లెక్క వేసుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగాడు. మందమర్రి పోయాడు, గోదావరి దాటి మంచిర్యాల పోయాడు. బైబిళ్లలోంచి, బీరువాల్లోంచి, ఫొటో ఫ్రేముల వెనక నుంచి తీసి ఇచ్చారు. బిక్షం భార్య కాగితం ఇచ్చే ముందు మొత్తం పాడి వినిపించింది. “యోనన్నకు ఎట్లున్నదయ్యా? ఆయన ఉన్నడు గాబట్టి మావోళ్లు ఇంక ఉన్నట్టున్నది” అంది. కుతుబుద్దీన్ తలవంచుకుని టీ తాగాడు.

పగలంతా టైపు కొట్టాడు. వేళ్లకు ఒక్కో మనిషీ తగిలాడు. కోపం వస్తే తెలుగు మరచిపోయి ఒడియా మాట్లాడినవాడు, పక్కింటి కోళ్లకు కూడా పేర్లు పెట్టిన ముసలమ్మ, మొదటి జీతంతో గడియారం కొని టైము చూడడం రాక జేబులో పెట్టుకు తిరిగిన కుర్రాడు. ఇంతమంది సంగతులు ఇంత శ్రద్ధగా చూసిన మనిషి తనలో ఏం చూసుకున్నాడు? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా కుతుబుద్దీన్ లేచి మొహం కడుక్కుని వచ్చేవాడు. ఇరవయ్యో రోజుకు పుస్తకం తయారైంది. రేపు పొద్దున్నే తీసుకెళ్లి అంతా చెప్పెయ్యాలని తీర్మానించుకున్నాడు. ఈసారి నిజంగానే వెళ్లేవాడు.

తెల్లవారేసరికి యేసుబాబు ఫోన్ వచ్చింది. యోనా పోయాడు.

కుతుబుద్దీన్ వెళ్లేసరికి వాకిట్లో టెంటు వేశారు. సంఘం వాళ్లంతా వస్తున్నారు. అందరూ అతనికి దారి ఇచ్చారు. ‘పాట తెచ్చిండు’ అని ఎవరో పక్కవాళ్లతో అన్నారు. సుగుణమణి పెట్టె పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిన మొహం. అతన్ని చూసి చెయ్యి చాచింది.

“ఇయ్యి బిడ్డా. ముందుగాల నేను సదువుకుంట.”

అతను పుస్తకం ఆమె చేతిలో పెట్టలేదు. “లోపలికి రా చిన్నమ్మా” అన్నాడు. వెనక గదిలో, కంప్యూటర్ ఉండే ఖాళీ బల్ల దగ్గర నిలబడి అంతా చెప్పాడు. పది రోజుల గడువు, అడగని ప్రశ్న, తాను వింటూ కూర్చున్న గంట. ఏదీ దాచలేదు. “అందరియి వచ్చినయ్. యోనా కాక పాట ఒక్కటే రాలేదు. మొదటి దినమే పోయింది. నేనే పోగొట్టిన” అన్నాడు.

సుగుణమణి బల్లను పట్టుకుని నిలబడింది.

“మొదటి దినమే పోయిందా?”

“అవు చిన్నమ్మా.”

“నీకు ఆనాడే తెల్సా?”

“తెల్సు.”

“మరి ఇరవై దినాలు ఎందుకు చెప్పలే?”

అతను పుస్తకాన్ని రెండు చేతులా ఆమె ముందుకు చాచాడు.

“అడిగినదానికి చెయ్యి నొక్కుతుండె గదరా. అవునంటే అవును, కాదంటే కాదు. పోయిందని ఒక్క మాట చెప్తే నేను కూసుండి అడిగేదాన్ని. మీ అమ్మ గురించి రాసినవా, బాయి గురించి రాసినవా, నా గురించి రాసినవా అని. ఒక్కొక్క మాట పట్టుకొని లాగేదాన్ని. పిల్లలకు ముప్పై ఏండ్లు సదువు చెప్పిన, ఆయన తోని నాలుగు ముక్కలు చెప్పియ్యకపోదునా?” ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది. “మిషన్ల పోతే పోయింది, నేను నిన్నేమంటుంటి? ఆయన లోపల ఉండె కుతుబూ. నిన్న పొద్దుగూకే దాంక ఉండె.”

కుతుబుద్దీన్ కూలబడి ఏడ్చాడు. యాభై నాలుగేళ్ల మనిషి, గోడకు తల ఆనించి, చప్పుడు బయటికి పోకుండా నోట్లో రుమాలు కుక్కుకుని ఏడ్చాడు. ఆమె అతన్ని ఓదార్చలేదు, తిట్టనూ లేదు. పుస్తకం తీసుకుని, పేజీలు తిప్పకుండానే బల్ల మీద పెట్టి, బయటికి నడిచింది.

మధ్యాహ్నానికి వాన తెరిపి ఇచ్చింది. సమాధుల తోటలో పెట్టె దించారు. పాస్టరు అయ్యగారు వాక్యం చదివి, ప్రార్థన ముగించి, అలవాటు ప్రకారం పక్కకు జరిగారు. అది పాట వేళ. అందరి కళ్లూ చివర్లో వేపచెట్టు దగ్గర నిలబడ్డ కుతుబుద్దీన్ వైపు తిరిగాయి. అతను నేలచూపులు చూస్తున్నాడు.

“అయ్యగారూ, పాట లేదు. మిషన్ ఖరాబైంది, అండ్లనే పోయింది. మట్టి ఏయుండ్రి” అంది సుగుణమణి.

మిషన్ మీద నెపం పెట్టి అతన్ని కాపాడింది. ఆ మాటకు కుతుబుద్దీన్ తల ఇంకా కిందికి దిగింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బిక్షం భార్య ఏదో ఒకటి ఎత్తుకుందామని నోరు తెరిచింది గానీ, నోటికి వచ్చినవన్నీ వేరేవాళ్ల పాటలు. నోరు మూసుకుంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ సంఘంలో పాట లేకుండా మట్టిలోకి పోయినవాళ్లు లేరు. యేసుబాబు వంగి మొదటి గుప్పెడు తీసుకున్నాడు. తర్వాత అందరూ ఏమీ పాడకుండా మట్టి వేశారు.